కంచె చేను మేసిందా? – కీళ్ళ రోగం, టి కణాల వైవిధ్యం, మన ఉపమానాలు

1

ఈమధ్య మా జనగామలో కొందరు మిత్రులం ఒకచోట చేరి కవితలు చదువుకున్నాం. ఒక యువకవి తన తల్లికి వచ్చిన కీళ్ళ రోగం గురించి రాసి తెచ్చాడు. ఆమె రక్తమే ఆమెకు ద్రోహం చేసిందనీ, కంచె చేను మేసిందనీ ఆ కవిత సారాంశం. చివరికి అది సమాజంలోని ద్రోహుల మీదికి మళ్ళింది. అందరూ మెచ్చుకున్నారు. నేనూ మెచ్చుకున్నాను. ఇంటికొచ్చి పడుకున్నాక మాత్రం నిద్రపట్టలేదు. ఎందుకంటే అదే రోగం మా అక్కకు ఉంది. మహబూబాబాద్ దగ్గర పల్లెలో ఉంటుంది. నాట్లకూ, మిరపకాయ ఏరడానికీ కైకిలి పోయిన మనిషి.

ఏడేళ్ళ కిందట ఒకనాడు అక్క నాతో అన్నది: "తమ్మీ, పొద్దుగాల లేస్తే పిడికిలి పట్టొస్తలేదురా. రెండు గంటలైతెగాని వేళ్ళు కదుల్తలేవు." నేను చదువుకున్నవాణ్ణి. ఏమన్నాను? "పని నొప్పులక్కా, నాలుగు రోజులు కైకిలి మానుకో" అన్నాను. వాళ్ళత్త "వాతం" అన్నది. ఊళ్ళో సూది వేసే ఆయన కూడా వాతమే అని చెప్పి చిన్న తెల్లగోళీలు ఇచ్చాడు. వేసుకున్న రెండోరోజే నొప్పి మాయమైంది. ఆ గోళీ స్టెరాయిడ్ అని మాకు తెలియడానికి రెండేళ్ళు పట్టింది. అప్పటికి మొహం ఉబ్బింది, వేళ్ళు చిటికెనవేలి వైపుకు ఒరిగిపోయాయి. ఒరిగిన వేళ్ళు ఇక తిన్నగా కావు.

మాట పొరపాటైతే మనిషికి ఎంత నష్టమో నాకు ఆ రెండేళ్ళు నేర్పాయి. "వాతం" ఒక మాట, "పని నొప్పి" ఒక మాట, "కంచె చేను మేసింది" ఇంకో మాట. మొదటి రెండూ రోగాన్ని కనిపించకుండా చేశాయి. మూడోది రోగాన్ని చూపిస్తుంది గాని తప్పుగా చూపిస్తుంది. సాహిత్య విమర్శకుడిగా ఒక ఉపమానం అందంగా ఉందా లేదా అని అడగడం నా అలవాటు. అది నిజమా కాదా అని అడగడం అంతకంటే ముఖ్యమని ఇప్పుడు అనిపిస్తున్నది. నేను డాక్టర్ను కాను. తెలుగు ఎం.ఏ. చదివిన బడిపంతులును. అయినా ఈ రోగం గురించి ఏళ్ళ తరబడి చదివి తెలుసుకున్నది నాకు చేతనైన భాషలో పాఠకుల ముందు పెడుతున్నాను.

2

అక్కకు వచ్చిన రోగాన్ని డాక్టర్లు రుమటాయిడ్ ఆర్థరైటిస్ అంటారు. వయసు మీదపడి మోకాళ్ళు అరగడం వేరు, ఇది వేరు. చేతివేళ్ళ మొదళ్ళలో, మణికట్టులో, పాదాల్లో, సాధారణంగా రెండు వైపులా వాపు వస్తుంది. పొద్దున్నే కీళ్ళు బిగుసుకుపోయి గంటకు పైగా సడలవు. మగవాళ్ళకంటే ఆడవాళ్ళలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ఢిల్లీ దగ్గరి పల్లెల్లో చేసి 1993లో ప్రచురించిన సర్వేలో వెయ్యిమంది పెద్దవాళ్ళలో ఏడెనిమిది మందికి ఈ రోగం కనిపించింది. ఇది ఆటో ఇమ్యూన్ వ్యాధుల్లో ఒకటి. అంటే ఒంటిని కాపాడే రక్షణ వ్యవస్థ ఆ ఒంటిమీదికే వచ్చే వ్యాధి.

ఈ రక్షణ వ్యవస్థలో కీలకమైనవి టి కణాలు. ఇవి ఎముక మజ్జలో పుట్టి, రొమ్ము ఎముక వెనక ఉండే థైమస్ అనే గ్రంథికి చేరి అక్కడ తయారవుతాయి. మనిషి ఒంట్లో సుమారు 40 వేల కోట్ల టి కణాలుంటాయని అంచనా. ఒక్కొక్క టి కణం ఉపరితలం మీద ఒక గ్రాహకం ఉంటుంది. తాళంచెవి ఏదో ఒక తాళానికి పట్టినట్టు, ఆ గ్రాహకం ఏవో కొన్ని ప్రోటీన్ ముక్కలకే అతుక్కుంటుంది. అతుక్కుంటేనే ఆ కణం మేల్కొంటుంది.

ఇక్కడ ఒక చిక్కు ప్రశ్న వస్తుంది. రేపు ఏ సూక్ష్మక్రిమి వస్తుందో శరీరానికి ముందుగా తెలియదు. ఇంకా పుట్టని క్రిమిని కూడా గుర్తించే గ్రాహకం ఇప్పుడే సిద్ధంగా ఉండాలి. మనిషికి ఉన్న జన్యువులు ఇరవై వేల చిల్లర మాత్రమే. మరి కోట్ల రకాల గ్రాహకాలు ఎక్కడినుంచి వస్తాయి? ఇలాంటి చిక్కునే ప్రతిరక్షకాల విషయంలో విప్పినందుకు జపాన్ శాస్త్రజ్ఞుడు సుసుము టొనెగావాకు 1987లో నోబెల్ బహుమతి వచ్చింది. టి కణ గ్రాహకపు జన్యువులు 1984లో దొరికాయి. అక్కడా పద్ధతి అదేనని తేలింది.

ఆ పద్ధతి తెలుగు పంతులుకు చాలా పరిచితమైనది. అది సంధి. గ్రాహకంలో ఆల్ఫా, బీటా అని రెండు గొలుసులు. బీటా గొలుసుకు ఒకే పూర్తి జన్యువు లేదు, ముక్కలున్నాయి. 'వి' ముక్కలు సుమారు 50, 'డి' ముక్కలు 2, 'జె' ముక్కలు 13. ప్రతి టి కణం తన పుట్టుకలో వీటినుంచి తలొకటి తీసుకుని అతికించుకుంటుంది. ఆల్ఫా గొలుసుకు 'వి' ముక్కలు సుమారు 45, 'జె' ముక్కలు సుమారు 50. లెక్క వేస్తే రెండు గొలుసుల జతలు ముప్ఫై లక్షల దగ్గర వస్తాయి. అసలు వైవిధ్యం మాత్రం అతుకు దగ్గర ఉంది. పేద, ఆలు కలిస్తే పేదరాలు. ఆ 'ర' పేదలోనూ లేదు, ఆలులోనూ లేదు. మనం దాన్ని ఆగమం అంటాం. కొన్ని సంధుల్లో అక్షరం పోతుంది. అది లోపం. సరిగ్గా ఇలాగే ముక్కలు అతికేచోట కొన్ని జన్యు అక్షరాలు రాలిపోతాయి, ముక్కల్లో లేని కొత్త అక్షరాలు వచ్చి చేరతాయి. మన సంధికి సూత్రం ఉంది. ఆ సంధికి సూత్రం లేదు, యాదృచ్ఛికం. గ్రాహకంలో ప్రోటీన్ ముక్కను తాకే నడిమి భాగం కూడా ఈ అతుకే. అంచేత సాధ్యమయ్యే గ్రాహకాల సంఖ్య లక్ష కోట్లను దాటిపోతుంది. అన్నీ ఒకే మనిషిలో పుట్టవు. ఒక్క మనిషిలో ఉండే రకాలు కోట్లలో ఉంటాయని అంచనా. ఒకే అండంనుంచి పుట్టిన కవలలకు కూడా ఈ పదకోశం ఒకటి కాదు. జన్యువులు ఒకటే, వాటితో ఒక్కొక్కరు కూర్చుకున్న మాటలు వేరు.

3

సూత్రం లేకుండా అక్షరాలు కలిపితే అర్థంలేని మాటలు వస్తాయి, బూతులూ వస్తాయి. టి కణాల విషయంలోనూ అంతే. కొన్ని గ్రాహకాలు దేనికీ పనికిరావు, కొన్ని సొంత ఒంటి ప్రోటీన్లకే గట్టిగా అతుక్కుంటాయి. ఈ రెండు రకాలనూ ఏరిపారేసే బడి థైమస్. దాని ప్రాముఖ్యాన్ని 1961లో జాక్ మిల్లర్ చూపించాడు. ఆ బడి పరీక్ష చాలా కఠినమైనది. చేరిన కణాల్లో నూటికి తొంభై అయిదుకు పైగా అక్కడే చనిపోతాయి.

మరి మిగిలినవన్నీ నిర్దోషులేనా? మనవాళ్ళు చాలామంది ఊహించుకునేది అదే. ఆరోగ్యవంతుడి ఒంట్లో ద్రోహులు లేరు, రోగి ఒంట్లో ఉన్నారు అని. నిజం అలా లేదు. మగవాళ్ళలో మాత్రమే ఉండే ఒక ప్రోటీన్ ముక్కను తీసుకుని 2015లో అమెరికాలో ఒక పరిశోధన చేశారు. దాన్ని గుర్తించే టి కణాలు ఆడవాళ్ళలో ఉండవచ్చు, ఎందుకంటే వాళ్ళకది పరాయిది. మగవాళ్ళలో అది సొంతం కాబట్టి ఉండకూడదు. కాని ఆరోగ్యవంతులైన మగవాళ్ళలోనూ ఆడవాళ్ళలో ఉన్నదాంట్లో మూడోవంతు ఉన్నాయి. అంటే థైమస్ కొమ్మలు కత్తిరిస్తుంది గాని వేళ్ళు పెరకదు. పూర్తిగా పెరికేస్తే వైవిధ్యంలో పెద్ద ఖాళీలు పడతాయి, ఆ ఖాళీలగుండా క్రిములు చొరబడతాయి. పైగా ఒక్క గ్రాహకం ఒక్క ప్రోటీన్ ముక్కతో ఆగదు. ఒకే గ్రాహకం పది లక్షలకు పైగా ముక్కలను గుర్తించగలదని 2012లో ఒక పరిశోధన చూపించింది. మన భాషలో నానార్థాలు ఎలాగో అలాగే ఇది. క్రిమి కోసం లేచిన కణం, క్రిమిని పోలిన సొంత ప్రోటీన్‌ను కూడా పట్టుకోవచ్చు.

మనందరిలోనూ ఇలాంటి కణాలుంటే అందరికీ రోగం ఎందుకు రాదు? వాటిని అదుపులో ఉంచే మరో రకం టి కణాలున్నాయి. నియంత్రణ కణాలు అందాం. వీటిని 1995లో షిమోన్ సకగూచి చూపించాడు. వీటి పుట్టుకకు కారణమైన జన్యువును కనిపెట్టిన మేరీ బ్రంకౌ, ఫ్రెడ్ రామ్స్‌డెల్‌లతో కలిపి ఆయనకు 2025లో నోబెల్ బహుమతి ఇచ్చారు. కాబట్టి ఆరోగ్యం అంటే ద్రోహులు లేకపోవడం కాదు. వేల రకాల కణాలు ఒకదాన్నొకటి హద్దులో పెట్టుకుంటూ ఉండడం. అది నిలకడగా కనిపించే చలనం.

4

ఇప్పుడు అక్క రోగానికి వద్దాం. టి కణం ప్రోటీన్ ముక్కను గాల్లో చూడదు. ఇంకో కణం ఆ ముక్కను పళ్ళెంలో పెట్టినట్టు చూపించాలి. ఆ పళ్ళేలను హెచ్‌ఎల్‌ఏ అణువులంటారు. పళ్ళెం సొంతదైతేనే టి కణం ముక్కను పట్టించుకుంటుందని 1974లో జింకర్నాగెల్, డోహర్టీ నిరూపించారు. దానికి 1996లో నోబెల్ వచ్చింది. రుమటాయిడ్ ఆర్థరైటిస్ రోగుల్లో డిఆర్4 వంటి కొన్ని రకాల పళ్ళేలు ఎక్కువగా కనిపిస్తాయి. పేర్లు వేరైనా ఆ పళ్ళేలన్నిటిలో ఒకచోట అయిదు అమైనో ఆమ్లాల వరస దాదాపు ఒకటేనని 1987లో పీటర్ గ్రెగర్సన్ బృందం గమనించింది. ఆ వరస ఉన్న పళ్ళెంలో కొన్ని సొంత ప్రోటీన్ ముక్కలు రూపం మారితే చక్కగా ఇముడుతాయి. ఆ మార్పు ఏమిటో తర్వాత చెబుతాను.

ఇది తెలిశాక 1990లలో శాస్త్రజ్ఞులు దోషి కోసం వెతికారు. వాచిన కీలులోని ద్రవం తీసి, ఏ 'వి' ముక్క ఉన్న టి కణాలు అక్కడ ఎక్కువగా ఉన్నాయో చూశారు. దోషి దొరికితే దాన్ని మాత్రమే పట్టి బయటపడేయవచ్చని ఆశ. ఒక్కో ప్రయోగశాలకు ఒక్కో దోషి దొరికాడు. ఒక రోగిలో పెరిగిన కణవంశం ఇంకో రోగిలో లేదు. కొన్ని 'వి' ముక్కలకు వ్యతిరేకంగా టీకాల్లాంటివి తయారుచేసి పరీక్షించారు, అవి వాడుకలోకి రాలేదు. సీడీ4 రకం టి కణాలన్నిటినీ తగ్గించే మందులు కూడా ఇచ్చి చూశారు. రక్తంలో కణాలు తగ్గాయి, రోగం తగ్గలేదు.

ఎందుకు? అమెరికాలో కోర్నీలియా వేయాండ్, యోర్గ్ గొరోంజీ బృందం ఇంకో ప్రశ్న వేసింది. దోషి ఎవరు అని అడగలేదు, మొత్తం పదకోశం ఎలా ఉంది అని అడిగింది. 1998లో వాళ్ళు ప్రచురించిన ఫలితం ఇది: రుమటాయిడ్ ఆర్థరైటిస్ రోగుల రక్తంలో టి కణ గ్రాహకాల వైవిధ్యం బాగా కుంచించుకుపోయింది. ఇంతకుముందు ఏ క్రిమితోనూ తలపడని కొత్త కణాల్లో కూడా ఆ కుంచింపు ఉంది. కాబట్టి దాన్ని కీలులోని వాపు ఫలితమని మాత్రమే కొట్టేయలేం. తర్వాత 2000లో, ఈ రోగుల్లో థైమస్‌నుంచి వచ్చే కొత్త కణాలు తక్కువనీ, ఉన్న కణాల క్రోమోజోముల కొసలు వయసుకు మించి అరిగాయనీ చూపించారు. అంటే మనిషికి నలభై ఏళ్ళుంటే టి కణాలు అంతకంటే ముసలివి. 2003లో, డిఆర్4 ఉండి రోగం లేని ఆరోగ్యవంతుల్లో కూడా ఈ అరుగుదల ముందుగానే మొదలవుతుందని తేలింది.

దీనికి వాళ్ళు చెప్పే వివరణ తార్కికంగా ఉంది. కొత్త కణాలు రావడం తగ్గితే ఖాళీ అయిన చోటును ఉన్న కణాలే విభజన చెంది నింపాలి. ఏ కణాలు ఎక్కువగా విభజన చెందుతాయి? సొంత ప్రోటీన్లనుంచి కొంచెం కొంచెం ప్రోత్సాహం అందేవి. అలా పదిమంది మాట్లాడే చోట ఇద్దరే మాట్లాడడం మొదలవుతుంది. ఆ ఇద్దరూ సొంత ఒంటిమీద మొగ్గు ఉన్నవాళ్ళు. మొత్తం కణాలను తగ్గించే మందు ఎందుకు పనిచేయలేదో కూడా దీన్నిబట్టి ఊహించవచ్చు. చోటు ఇంకా ఖాళీ చేస్తే నింపేది మళ్ళీ ఆ ఇద్దరే.

అందుకే కంచె చేను మేసిందన్న సామెత ఇక్కడ అతకదంటాను. కంచెలో ఒక కట్టె ద్రోహి కాలేదు. నూరు రకాల కట్టెలతో అల్లిన కంచె, కట్టెలు తరిగి పలచబడింది.

5

అయితే ఇదంతా పుట్టుకతో రాసిపెట్టి ఉందా? నుదుటిరాత పోయి జన్యురాత వచ్చిందా? కాదు. ఒకే అండపు కవలల్లో ఒకరికి ఈ రోగం వస్తే రెండోవారికి వచ్చేది నూటికి సుమారు 15 మందిలోనే. మిగతా 85 మందిలో అవే జన్యువులుండి కూడా రోగం రాలేదు. లోపలి కారణానికి బయటి పరిస్థితి తోడుకావాలి.

పైన చెప్పిన ప్రోటీన్ మార్పు ఇక్కడే వస్తుంది. పొగ తాగినప్పుడు ఊపిరితిత్తుల్లో కొన్ని ఎంజైములు చురుకై, ప్రోటీన్లలోని ఆర్జినిన్ అనే అమైనో ఆమ్లాన్ని సిట్రులిన్‌గా మారుస్తాయి. ఒక్క అక్షరం మారితే పదం కొత్తదైనట్టు, ఆ ప్రోటీన్ టి కణాలకు పరాయిదిగా కనిపిస్తుంది. వ్యాకరణంలో దీన్ని ఆదేశం అంటాం. ఆగమం మిత్రుడిలా వచ్చి పక్కన కూర్చుంటుందనీ, ఆదేశం శత్రువులా వచ్చి ఉన్నదాన్ని లేపి కూర్చుంటుందనీ పిల్లలకు చెబుతుంటాం. రోగానికి అనువైన పళ్ళేలు తల్లినుంచీ తండ్రినుంచీ రెండూ వచ్చి, పైగా పొగ తాగేవాళ్ళలో, సిట్రులిన్ మీద ప్రతిరక్షకాలున్న రకం రోగం వచ్చే అవకాశం ఆ రెండూ లేనివాళ్ళకంటే 20 రెట్ల దాకా ఎక్కువని 2006లో స్వీడన్ పరిశోధకులు చూపించారు. ఈ ప్రతిరక్షకాలు నొప్పి మొదలవడానికి కొన్నేళ్ళ ముందే రక్తంలో కనిపిస్తాయి. అంటే కథ కీలులో మొదలుకాదు. చాలామందిలో ఊపిరితిత్తుల్లోనో, చిగుళ్ళలోనో మొదలై కీలుకు చేరుతుందని అంచనా.

పొగ ఒక్కటే కాదు, దుమ్ము కూడా. మా చిన్నమ్మ కొడుకు భూపాలపల్లిలో సింగరేణి బాయిలో పనిచేస్తాడు. అక్క సంగతి విని ఒకసారి అడిగాడు: "అన్నా, మా బాయిల కూడ ఇద్దరు ముగ్గురికి చేతులు గిట్లనే ఉబ్బుతయి. బొగ్గు పనికి దీనికి ఏమన్న సంబంధం ఉన్నదా?" నాకప్పుడు తెలియదు. చదివితే తెలిసింది. 1953లోనే ఆంథనీ కాప్లాన్ అనే డాక్టర్, బ్రిటన్‌లోని వేల్స్ బొగ్గుగని కార్మికులను పరీక్షిస్తూ, కీళ్ళ రోగం ఉన్నవాళ్ళ ఊపిరితిత్తుల ఎక్స్‌రేల్లో గుండ్రటి మచ్చలు ప్రత్యేకంగా కనిపించడం గమనించాడు. ఆ లక్షణాలకు ఆయన పేరే పెట్టారు. బండరాతిని తొలిచినప్పుడు లేచే సిలికా దుమ్ము పీల్చేవాళ్ళలో రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఎక్కువని తర్వాత స్వీడన్‌లో జరిగిన పరిశోధనలు చెప్పాయి. పొగ కూడా తోడైతే మరీ ఎక్కువ. ఆ ఇద్దరు ముగ్గురిది ఇదే రోగమని నేను చెప్పడం లేదు. రక్తపరీక్ష చెప్పాలి. కాని బాయిలో దుమ్ము అణచడానికి నీళ్ళు చల్లాలని, మూతికి మంచి మాస్క్ కావాలని కార్మికుడు అడిగితే అది ఊపిరితిత్తుల కోసమే కాదు, చేతుల కోసం కూడా. ఆ చేతులే అతని ఆస్తి.

6

మిగతా ఆటో ఇమ్యూన్ వ్యాధుల్లో కథ ఒకటే కాదు, వ్యాకరణం మాత్రం ఒకటే. చిన్నపిల్లలకు వచ్చే టైప్ 1 మధుమేహంలో టి కణాలు ఇన్సులిన్ తయారుచేసే కణాలను చంపుతాయి. మల్టిపుల్ స్క్లెరోసిస్‌లో నరాల చుట్టూ ఉండే తొడుగును పట్టుకుంటాయి. ఎప్‌స్టీన్ బార్ అనే వైరస్ సోకినవాళ్ళలోనే దాదాపుగా ఆ రోగం వస్తుందని 2022లో అమెరికా సైనికుల రక్త నమూనాలతో తేలింది. గోధుమ పడని సీలియాక్ వ్యాధిలో మాత్రం చాలామంది రోగుల్లో ఒకేరకం గ్రాహకాలు మళ్ళీ మళ్ళీ కనిపిస్తాయి, ఎందుకంటే అక్కడ కారణమైన ముక్క బయటినుంచి వచ్చే గోధుమ ప్రోటీనే.

వెన్నెముక కీళ్ళు బిగుసుకుపోయే యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ మనకు దగ్గరి ఉదాహరణ. హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రజ్ఞులు కుమారస్వామి తంగరాజ్ నాయకత్వంలో నాలుగు సముదాయాల జన్యువులను పరిశీలించి 2025లో వెల్లడించిన అధ్యయనంలో, ఆంధ్రప్రదేశ్‌కు చెందిన రెడ్డి సముదాయంలో ఈ రోగం ఎక్కువగా ఉన్నట్టు చెప్పారు. తరతరాలుగా లోపలి లోపలే పెళ్ళిళ్ళు చేసుకోవడం వల్ల కొన్ని జన్యురూపాలు పోగుపడడం ఆ అధ్యయనపు ముఖ్యాంశం. దీన్ని ఒక కులం మీద మచ్చగా చదివేవాళ్ళు తప్పు చదువుతున్నట్టే. కులంలోపలి పెళ్ళిళ్ళు మన దేశంలో దాదాపు అందరివీ. చెప్పిన సంగతి పద్ధతి గురించి, మనుషుల గురించి కాదు. ఇదే రోగంలో ఒకే 'వి' ముక్క ఉన్న టి కణాలు రోగుల్లో పదేపదే కనిపించడంతో, వాటిని మాత్రమే తొలగించే మందును ఒక రోగికి ఇచ్చి, ఫలితాన్ని 2023లో ప్రచురించారు. 1990లలో విఫలమైన ఆశ అలా ఇంకో రోగంలో తిరిగి మొలకెత్తింది. దోషి ఉన్నచోట దోషిని పట్టవచ్చు. వైవిధ్యమే కుంగినచోట పద్ధతి వేరు. ఏది ఏదో తెలుసుకోవడమే శాస్త్రం.

7

మరి అక్కకు ఏం చేశారు? చివరికి హైదరాబాద్‌లో కీళ్ళ రోగాల డాక్టర్‌కు చూపించాం. మెథోట్రెక్సేట్ రాశాడు. వారానికి ఒక్కరోజే వేసుకోవాలని మూడుసార్లు చెప్పి, ఆ రోజు పేరు చీటీ మీద పెద్దక్షరాలతో రాశాడు. ఇది రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు కాబట్టి పాఠకులకు కూడా చెబుతున్నాను. గర్భంతో ఉన్నవాళ్ళు వేసుకోకూడదు. అప్పుడప్పుడు రక్తపరీక్ష చేయించాలి. ఫోలిక్ యాసిడ్ తోడుగా ఇస్తారు.

ఈ మందు వెనక మనవాడొకడున్నాడు. భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లం మీద పనిచేయించిన బృందానికి నాయకుడు. ఫోలిక్ ఆమ్లాన్ని పోలి ఉండి దాని పనిని అడ్డుకునే అమినాప్టెరిన్, దాని తర్వాత మెథోట్రెక్సేట్ అక్కడినుంచే వచ్చాయి. సిడ్నీ ఫార్బర్ అమినాప్టెరిన్‌ను పిల్లల రక్త క్యాన్సర్‌కు వాడి 1948లో ఫలితాలు ప్రకటించాడు. ఆ ఏడాదే సుబ్బారావు చనిపోయాడు. 1951లో అదే అమినాప్టెరిన్‌ను రుమటాయిడ్ ఆర్థరైటిస్ రోగులకు ఇస్తే వాపు తగ్గిందని అమెరికా డాక్టర్లు రాశారు. ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. మెథోట్రెక్సేట్‌కు ఈ రోగంలో అమెరికా ప్రభుత్వపు అనుమతి రావడానికి 1988 దాకా పట్టింది. మధ్యలో పోయిన ముప్ఫై ఏడేళ్ళలో ఎన్ని చేతులు వంకరపోయాయో ఎవరు లెక్కపెట్టారు?

ఆలస్యం రోగి ఒంట్లో కూడా పనిచేస్తుంది. రోగం తొలినాళ్ళలో కీలులోని టి కణాల్లో కొద్ది వంశాల ఆధిక్యం స్పష్టంగా ఉంటుందనీ, ముదిరిన రోగంలో ఆ ఆధిక్యం తగ్గి అన్నీ కలగాపులగమవుతాయనీ 2012లో నెదర్లాండ్స్ పరిశోధకులు చూపించారు. మొదటి నెలల్లోనే సరైన మందు మొదలుపెడితే ఫలితం బాగుంటుందన్నది డాక్టర్ల అనుభవం. స్టెరాయిడ్ గోళీ చెడ్డదని కాదు. డాక్టర్ లెక్కప్రకారం, కొద్దికాలం వాడితే మేలే. ఎవరి పర్యవేక్షణా లేకుండా ఏళ్ళ తరబడి అదొక్కటే మింగితే నొప్పి కనపడకుండా పోతుంది, ఎముక మాత్రం లోపల అరుగుతూనే ఉంటుంది. మా అక్క విషయంలో అదే జరిగింది. ఆ రెండేళ్ళు ఆమెవి కావు, మావి. ఆమె చెప్పింది, మేము వినలేదు. పొద్దుగాల రెండు గంటలు వేళ్ళు కదలవని ఆమె చెప్పిన ఒక్క వాక్యంలో రోగ నిర్ధారణ సగం ఉంది.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి మూడూ 2016లో వేరు జిల్లాలయ్యాయి. 2022లో మహబూబాబాద్‌లో, 2023లో మిగతా రెండుచోట్లా ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వాటి ఆస్పత్రుల్లో కీళ్ళ రోగాలకు వారానికి ఒకరోజు ప్రత్యేకంగా ఓపీ ఉండాలనీ, మెథోట్రెక్సేట్ ఉచితంగా దొరకాలనీ, ఆ సంగతి నాట్లు వేసేవాళ్ళకూ, బాయిలో దిగేవాళ్ళకూ తెలియాలనీ మనం అడగాలి. ఇది రచయితల పని కాదనేవాళ్ళుంటారు. మాటను సరిదిద్దడం రచయితల పని కాకపోతే ఇంకెవరి పని?

ఆ యువకవిని నిన్న బజార్లో కలిశాను. ఈ సంగతులన్నీ చెబితే, "అయితే సార్, కవితలో ఏం మార్చమంటరు?" అని అడిగాడు. మార్చమని చెప్పలేదు. "మీ అమ్మకు పొద్దున్నే వేళ్ళు ఎంతసేపు బిగుసుకుంటయి?" అని అడిగాను. అతనికి తెలియదు. ఇవాళ అడిగి చెబుతానన్నాడు.